ఉప్పు, బూడిద, ఊట: నేపుల్స్ తీరం వెంట



ఇల్లు కట్టుకునేవాళ్లు సిమెంటు కొట్టుకు వెళ్తే కొట్టాయన వేసే మొదటి ప్రశ్న: ఓపీసీ కావాలా, పీపీసీ కావాలా? ఏది దేనికి వాడాలో మేస్త్రీ ముందే చెప్పి పంపుతాడు కాబట్టి జవాబు చెప్పేసి బస్తాలు వేయించుకుంటారు. ఆ పీపీసీలో నడిమి అక్షరం ఏమిటని ఎవరూ అడగరు. అది పొజొలానా. పోర్ట్‌ల్యాండ్ పొజొలానా సిమెంట్. ఆ మాట ఇటలీలోని ఒక రేవు ఊరి పేరు నుంచి పుట్టింది. ఊరి పేరు పొట్సువోలి. నేపుల్స్ నగరానికి పడమటి పక్కన, సముద్రం ఒడ్డునే ఉంటుంది. అక్కడి అగ్నిపర్వతాలు కక్కిన బూడిదను సున్నంలో కలిపితే నీళ్లలో కూడా గట్టిపడుతుందని రోమన్లు 2,000 ఏళ్ల కిందటే కనిపెట్టారు. ఓడరేవుల గోడలు సముద్రంలోనే పోత పోశారు. ఈ బూడిదను ఓడల్లో పాలస్తీనా తీరందాకా మోసుకెళ్లి, అక్కడ సిజేరియా రేవు కట్టారు. ఇప్పుడు మన పీపీసీ బస్తాలో ఉండేది థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిదే కానీ, పేరు మాత్రం ఆ ఊరిదే మిగిలిపోయింది.

ఇటలీ వెళ్లేవాళ్లు రోము చూస్తారు, వెనిస్ చూస్తారు, పీసాలో ఒరిగిన గోపురాన్ని చేత్తో ఆపుతున్నట్టు ఫొటో దిగుతారు. ఇంకా రోజులు మిగిలితే పాంపే శిథిలాలకు ఓ పూట కేటాయిస్తారు. ఈ ప్రసంగం ఆ మిగిలిన రోజుల గురించి. పొట్సువోలి నుంచి దక్షిణాన పేస్తుం దాకా వంద కిలోమీటర్ల పైచిలుకు తీరం ఇది. ఇక్కడ ఊళ్లను పూడ్చిపెట్టిందీ, తోటలను పండించిందీ ఒకే నేల. అందుకే ఈ తీరాన్ని చూడడానికి గుళ్లూ స్తంభాల కంటే వంటిల్లు మంచి దారి.

ముందు పొట్సువోలి. రేవుకు నాలుగడుగుల దూరంలో, రోడ్డు మట్టానికి దిగువన, ఒక పాత అంగడి శిథిలం ఉంది. 1750లో తవ్వినప్పుడు అందులో సెరాపిస్ దేవుడి విగ్రహం దొరకడంతో అది గుడి అనుకున్నారు. తీరా చూస్తే మార్కెట్టు. చుట్టూ కొట్లు, మధ్యలో గుండ్రటి అరుగు. దాని దగ్గర మూడు పాలరాతి స్తంభాలు ఇంకా నిలబడే ఉన్నాయి. మనిషి ఎత్తుకు ఏడింతలుంటాయి. దగ్గరికి వెళ్లి చూస్తే వాటి ఒంటి మీద ఒక వింత కనిపిస్తుంది. అడుగు నుంచి సుమారు 12 అడుగుల దాకా రాయి నున్నగా ఉంటుంది. ఆ పైన 9 అడుగుల మేర జల్లెడలా చిల్లులు. దానిపైన మళ్లీ నునుపు. ఆ చిల్లులు ఉలి పెట్టినవి కావు. రాతిని తొలుచుకుని కాపురముండే ఒక రకం ఆల్చిప్పల పని. అవి సముద్రంలో తప్ప బతకవు.

అంటే పొడి నేల మీద కట్టిన స్తంభాలు ఒకప్పుడు 20 అడుగుల లోతు నీళ్లలో మునిగాయి. మళ్లీ పైకి తేలాయి. విరగలేదు, పడలేదు. సముద్రం పెరిగి తగ్గిందా అంటే, చుట్టుపక్కల ఊళ్లలో ఆ జాడ లేదు. కదిలింది నేల. ఊరంతా మెల్లగా దిగి, మెల్లగా లేచింది. చార్లెస్ లయల్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1830లో తన ప్రసిద్ధ గ్రంథానికి ముఖచిత్రంగా ఈ మూడు స్తంభాల బొమ్మే వేయించాడు. భూమి నిదానంగా కూడా మారుతుందని ఒప్పించడానికి ఆయనకు ఇంతకన్నా మంచి సాక్షి దొరకలేదు.

ఇదంతా పాత ముచ్చట అనుకోవద్దు. పొట్సువోలి కింద ఉన్నది ఫ్లెగ్రేయి పొలాలు అని పిలిచే పెద్ద అగ్నిపర్వత గుంట. ఆ పేరుకు అర్థమే మండే పొలాలు. 1538లో ఊరి పక్కన ఒక్క వారం రోజుల్లో ఏకంగా కొత్త కొండ పుట్టింది. దానికి కొత్తకొండ అనే పేరు పెట్టారు, ఇటలీ భాషలో మోంటె నువోవో. 1970లో నేల ఉబ్బడం మొదలైతే రియోనె తెర్రా అనే పాత పేటను ఉన్నపళంగా ఖాళీ చేయించారు. 1982 నుంచి 1984 లోపు రేవు దాదాపు ఆరడుగులు పైకి లేచింది. పడవలు గట్టుకు చేరలేక ఇబ్బంది పడ్డాయి. మత్స్యకారుల కోసం దిగువన కొత్త గట్టు వేయాల్సి వచ్చింది. 2024 మే నెలలోనూ 4.4 తీవ్రతతో భూకంపం వచ్చింది. జనం ఆ రాత్రి వీధుల్లో గడిపి, తెల్లారి మళ్లీ కాఫీ కొట్ల ముందు నిలబడ్డారు.

ఆ కొట్లకు అవతల చేపల బేరం సాగుతుంది. ఇక్కడి హోటళ్లలో ఇంపెపాతా అని ఒక వంటకం ఉంది. నల్లని ఆల్చిప్పలను మూత పెట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. నోళ్లు తెరుచుకోగానే దింపి మిరియాల పొడి దట్టంగా చల్లి, నిమ్మకాయ పిండి ఇస్తారు. ఉప్పు వేయరు. ఆల్చిప్పలోంచి వచ్చిన సముద్రపు నీరే చాలు. ఆ పేరుకు అర్థం కూడా మిరియాలు పట్టించిన కూర అనే. ఆ మిరియాల దగ్గర మనం ఒక నిమిషం ఆగాలి.

రోము నగరానికి దగ్గర్లో పెద్ద రేవు లేని రోజుల్లో సరుకంతా దిగింది పొట్సువోలిలోనే. అప్పటి పేరు పుటియోలి. ఈజిప్టు గోధుమల ఓడలు ఇక్కడికే వచ్చేవి. ఆ ఓడల్లోనే కేరళ మిరియాలూ వచ్చేవి. అక్కడి ముజిరిస్ రేవులో ఎక్కిన మిరియం గాలివాటున ఎర్రసముద్రం చేరి, అక్కడ ఒంటె ఎక్కి, నైలు నదిలో పడవ ఎక్కి, అలెగ్జాండ్రియాలో మళ్లీ ఓడ ఎక్కి ఇక్కడ దిగేది. ఇన్ని చేతులు మారిన సరుకు చౌకగా దొరుకుతుందా? ప్లినీ అనే రోమన్ పెద్దమనిషి మండిపడ్డాడు. ఏటా 5 కోట్ల సెస్టర్సుల, అంటే రోమన్ నాణేల, విలువైన వెండి బంగారం ఇండియా మింగేస్తోందని లెక్కగట్టాడు. మిరియంలో కారం తప్ప ఏముందని దెప్పాడు కూడా. ఈ ప్లినీ ఎక్కడో కూర్చుని రాసినవాడు కాదు. పొట్సువోలి ఎదుటి కొసన ఉన్న మిసేనం నౌకాదళానికి అధిపతి. రేవులో మిరియాల మూటలు దిగుతుంటే ఆ కొస నుంచి ఎన్నిసార్లు చూసి ఉంటాడో.

ఆ వర్తకంలో తెలుగు తీరానికీ పాలుంది. క్రీ.శ. మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసుకున్న సముద్రయాన వివరంలో మసాలియా అనే ప్రాంతం వస్తుంది. కృష్ణా ముఖద్వారం, మచిలీపట్నం పరిసరాలని పండితులు గుర్తించారు. అక్కడ సన్నని నూలుబట్ట విస్తారంగా నేస్తారని ఆయన రాశాడు. అటు బట్టలు, మిరియాలు పోతే ఇటు రోమన్ నాణేలు వచ్చాయి. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో, కరీంనగర్ వైపు పెద్దబంకూరులో, నాగార్జునకొండలో అవి బయటపడ్డాయి. ప్లినీ ఏడ్చిన డబ్బులో కొంత మన పొలాల కింద ఉండిపోయిందన్నమాట.

ఇక పాంపే. నేపుల్స్ నుంచి వెసూవియస్ కొండను చుట్టి వెళ్లే చిన్న రైలెక్కితే శిథిలాల గేటు ముందే దింపుతుంది. రైలు పాతది, ఎండాకాలం కిక్కిరిసి ఉంటుంది, జేబులు జాగ్రత్త. రోజుకు 20,000 మందికి మించి లోపలికి వదలకూడదని 2024 నవంబరు నుంచి నిబంధన పెట్టారు. అయినా జనమే జనం. గుంపులన్నీ ఒకే వరసలో నాలుగు చోట్లకే పోతుంటాయి. క్రీ.శ. 79లో వెసూవియస్ పేలింది, ఊరు బూడిదలో కూరుకుపోయింది, బూడిదలో ఏర్పడిన ఖాళీల్లో ప్లాస్టర్ పోసి చచ్చినవాళ్ల ఆకారాలు తీశారు. ఈ కథ అందరికీ తెలుసు. అందుకే ఆ ఆకారాల ముందు సెల్ఫీలు దిగేవాళ్లను అక్కడే వదిలేసి, వీధి మలుపుల్లో ఉన్న అరుగుల దగ్గరికి వెళ్లడం మేలు.

ఆ అరుగులు కాకా హోటళ్లు. వేరే పేరు అక్కర్లేదు. వీధి వైపు తెరిచిన ఎల్ ఆకారపు గట్టు, గట్టులో మెడదాకా పూడ్చిన మట్టి బానలు, వెనక చిన్న గది. ఊళ్లో ఇలాంటివి పదుల్లో దొరికాయి. ఇరుకు గదుల్లో అద్దెకుండేవాళ్లకు పొయ్యి పెట్టుకునే చోటు ఉండేది కాదు. పని మీద వెళ్తూ ఇక్కడ నిలబడి తిని పోయేవాళ్లు. 2020 డిసెంబరులో పురావస్తు శాఖ చూపించిన హోటలు మాత్రం చెక్కుచెదరకుండా బయటపడింది. గట్టు ముందు భాగం మీద రంగుల బొమ్మలు: ఒక కోడిపుంజు, కాళ్లు కట్టి తలకిందులుగా వేలాడదీసిన రెండు బాతులు, గొలుసుతో కట్టేసిన కుక్క. కుక్క సంగతి వదిలేస్తే, చదువు రానివాడికి కూడా ఇవాళ ఏముందో తెలిసే మెనూ బోర్డు. బానల్లో వెతికితే నిజంగానే బాతు ఎముక దొరికింది. పంది, మేక, చేప, నత్త అవశేషాలూ దొరికాయి. కొన్ని ఒకే బానలో కలిసి ఉన్నాయి. ఒక ద్రాక్షసారా బాన అడుగున నలగ్గొట్టిన చిక్కుడు గింజలున్నాయి. సారా రంగు తేర్చడానికి వాడేవారట. కొట్టువాడు సరుకు తేర్చి అమ్మే విద్య అప్పుడూ ఉందన్నమాట.

రొట్టెల సంగతి ఇంకా చిత్రం. ఒక బేకరీ పొయ్యిలో 81 రొట్టెలు బొగ్గులా మారి అలాగే దొరికాయి. గుండ్రంగా ఉండి పైన ఎనిమిది భాగాలుగా గాట్లు పెట్టి ఉన్నాయి, చేత్తో తుంచుకోవడానికి వీలుగా. పెట్టినవాడు తీయడానికి రాలేదు. పక్క పట్నం హెర్క్యులేనియంలో దొరికిన రొట్టె మీద ముద్ర కూడా ఉంది. క్వింటస్ గ్రానియస్ వెరస్ గారి బానిస కెలర్‌ది ఈ రొట్టె అని. ఊరందరి పిండీ ఒకే పొయ్యిలో కాల్చేటప్పుడు ఎవరిది ఏదో తెలియడానికి వేసుకున్న గుర్తు అయి ఉండొచ్చు.  యజమాని పేరుతో పాటు బానిస పేరూ రొట్టె మీద నిలిచిపోయింది.

2023 జూన్‌లో ఇంకో బొమ్మ బయటపడగానే ప్రపంచ పత్రికలన్నీ పాంపేలో పిజ్జా అని గోల చేశాయి. వెండి పళ్లెంలో గుండ్రటి రొట్టె, దాని మీద పళ్లు, మసాలాలు. చూడ్డానికి పిజ్జాలాగే ఉంది. కానీ టమాటా లేదు, మొజరెల్లా లేదు. ఉండే అవకాశమే లేదు. టమాటా అమెరికా నుంచి రావడానికి ఇంకా 1,400 ఏళ్లు పైన పట్టింది. టమాటా లేని నేపుల్స్‌ను ఇవాళ ఊహించలేం, మిరపకాయ లేని గుంటూరును ఊహించలేనట్టు. రెండూ అదే అమెరికా గడ్డ నుంచి, ఇంచుమించు అదే కాలంలో వచ్చిన విదేశీ సరుకులే. వెసూవియస్ బూడిద నేలలో టమాటా, కృష్ణా పక్కన నల్లరేగడిలో మిరప. రెండు చోట్లా ఇది తాతల నాటి పంట అని రొమ్ము విరుచుకుంటారు.

పాంపే నుంచి తీసిన విలువైన వస్తువులు చాలావరకు నేపుల్స్‌లోని జాతీయ పురావస్తు మ్యూజియంలో ఉన్నాయి. అక్కడ ఒక జానెడు పైచిలుకు దంతపు బొమ్మ ఉంది. తవ్వకాల్లో 1938లో దొరికింది. ఒంటి నిండా నగలు, వడ్డాణం, కాళ్ల నిండా కడియాలు, జడ వీపు మీదుగా కిందికి. అటూ ఇటూ పరిచారికలు. మనవాళ్లు ఎవరు చూసినా ఒక్క క్షణం ఉలిక్కిపడతారు. దాన్ని పాంపే లక్ష్మి అని పిలుస్తారు కానీ, యక్షిణి అని చాలామంది పండితుల మాట. ఇలాంటి దంతపు బొమ్మలే మహారాష్ట్రలోని తేర్, భోకర్దన్‌లలో దొరికాయి. రెండూ శాతవాహనుల ఏలుబడిలోని ఊళ్లు. బొమ్మ తల నుంచి కిందిదాకా సన్నటి బెజ్జం ఉంది. ఏ పీటకో, అద్దానికో కాడగా బిగించి ఉంటారు. దక్కన్‌లో చెక్కిన బొమ్మ పాంపే ఇంట్లోకి చేరి, బూడిద కింద దాదాపు 1,860 ఏళ్లు పడుకుంది. ఇటలీ వెళ్లిన తెలుగువాళ్లు పాంపేకి ఒక పూట తగ్గించుకునైనా ఈ మ్యూజియానికి రావాలి.

హెర్క్యులేనియం చిన్న ఊరు, జనం తక్కువ. కట్టెలు, తలుపులు, మంచాలు కూడా బొగ్గయి నిలిచాయి కాబట్టి ఇళ్లు ఇళ్లలా కనిపిస్తాయి. సముద్రపు ఒడ్డున పడవల గదుల్లో 300కు పైగా అస్థిపంజరాలు దొరికాయి. పడవలు వస్తాయని ఎదురుచూసి పోయినవాళ్లు. అయితే పండితులకు ఇక్కడ దొరికిన నిజమైన నిధి ఒక వీధి కింది మరుగుదొడ్ల కాలువ. అందులోంచి వందల సంచుల మట్టి తీసి, జల్లించి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశారు. మేడ మీద అద్దె గదుల్లో ఉండే మామూలు జనం ఏం తిన్నారో తేలింది: రకరకాల చేపలు, సముద్రపు ముళ్లకాయలు, కోడిగుడ్లు, అత్తిపళ్లు, ఆలివ్ కాయలు. పేదవాడు గంజి తాగి బతికాడని పుస్తకాలు చెప్పినదానికి కాలువ ఒప్పుకోలేదు.

తీరం దక్షిణానికి తిరిగేచోట కొండవాలున గ్రాన్యానో అనే ఊరు. సముద్రపు గాలి కొండ మీది గాలితో కలిసి నడివీధిలోంచి వీచేది. ఆ గాలి కోసమే వీధికి అటూ ఇటూ వెదురు కర్రల మీద పాస్తా ఆరబోసేవాళ్లు, మన డాబాల మీద వడియాలు పెట్టినట్టు. ఇప్పుడు ఆరబెట్టేది యంత్రాల గదుల్లో. పాస్తాను కంచు అచ్చుల్లోంచే ఒత్తాలన్న పట్టుదల మాత్రం వదల్లేదు. కంచు అచ్చు పాస్తా ఒంటిని గరుకుగా ఉంచుతుంది. గరుకుంటేనే రసం పట్టుకుంటుంది. జంతికల గొట్టం పట్టిన చేతికి ఈ మాట వివరించక్కర్లేదు.

పొసితానో, అమాల్ఫి గురించి అందరూ చెబుతారు. ఫొటోల్లో ఎలా ఉంటాయో అలాగే ఉంటాయి, ధరలు ఫొటోల్లో కనపడవు. వాటి పైన కొండ మెట్ల మీద పందిళ్లు వేసి పెంచిన నిమ్మతోటలున్నాయి. ఒకప్పుడు ఆడవాళ్లు నిమ్మకాయల గంపలను వీపు మీద మోస్తూ వందల మెట్లు దిగేవాళ్లు. వాళ్లను చిట్టిచీమలు అని పిలిచేవారు.

అదే తీరంలో, బస్సులు ఎక్కువసేపు ఆగని చోట, చెతారా ఉంది. ఒక గోపురం, ఒక చిన్న ఇసుక ఒడ్డు, గట్టుకు కట్టిన పెద్ద చేపల పడవలు. ఇక్కడ తయారయ్యే సరుకు పేరు కొలతూరా. నెత్తళ్ల ఊట.

నెత్తళ్లను మార్చి 25 నుంచి జూలై 22 మధ్య, రాత్రిపూట పడవల్లో దీపాలు వెలిగించి, వెలుగుకు మూగినప్పుడు వల చుట్టి పడతారు. రెండు తేదీలూ మేరీమాత, మగ్దలా మేరీ పండుగలు. వాటి మధ్య పట్టిన చేపే ఊటకు పనికొస్తుందని నియమం. ఒడ్డుకు రాగానే ఆడవాళ్లు ఒక్కొక్క చేపనూ రెండు వేళ్ల మధ్య పట్టుకుని తల తుంచుతారు. తలతో పాటే పేగూ వచ్చేస్తుంది. కత్తి వాడరు. తర్వాత టెర్జిన్యో అనే చిన్న చెక్క పీపాలో ఒక వరస చేప, ఒక వరస ఉప్పు. వరసకొకసారి తల తోక వైపు మారుస్తూ పేరుస్తారు. నిండాక పైన చెక్క మూత, మూత మీద సముద్రం నుంచి తెచ్చిన రాళ్ల బరువు. చేప నుంచి దిగిన నీరు పైకి తేలుతుంది. దాన్ని తీసి పక్కన దాస్తారు. కొన్ని నెలల పాటు బరువు కింద చేప మాగుతుంది. తొమ్మిది నెలలకు తక్కువ ఉండకూడదు.

ఆఖరున దాచిన నీటిని మళ్లీ పైనుంచి పోస్తారు. పీపా అడుగున సన్నటి మేకుతో బెజ్జం వేస్తారు. అన్ని వరసల చేపల్లోంచి జారి, ఒక్కో వరస రుచీ తీసుకుని, తేనె రంగు నీరు బొట్టుబొట్టుగా దిగుతుంది. గది అంతా సముద్రం వాసన. ఆ బొట్టు పడే చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు.

మాగాయ పెట్టే ఇంట్లో పుట్టినవాళ్లకు ఇది కొత్త విషయం కాదు. ముక్కలను ఉప్పులో మూడు రోజులు ఊరనిచ్చి, పిండి, ముక్కలు ఎండబెట్టి, ఊట దాచి, మళ్లీ ఆ ఊటలోనే ముక్కలు వేస్తాం. ఇటలీవాళ్లు ముక్క కన్నా ఊటకే విలువ ఇచ్చారు, అంతే తేడా. జాడీకి వాసెన కట్టినట్టు పీపాకు మూత బిగించి, తడి చెయ్యి తగలనివ్వరు. 2020లో యూరప్ యూనియన్ దీనికి ప్రాంతపు పేరుతో రక్షణ ఇచ్చింది. వేరే ప్రాంతంలో చేసినదాన్ని చెతారా కొలతూరా అని అమ్మకూడదు.

ఈ ఊటకు పూర్వికుడు గారం. మన గారాబం కాదు, రోమన్ల చేపల పులుసు. పాంపేలో ఉంబ్రీషియస్ స్కౌరస్ అనే వ్యాపారి దాని మీదే కోటికి పడగలెత్తాడు. ఇంటి వాకిట్లో నేల మీద రంగురాళ్లతో గారం కూజాల బొమ్మలు వేయించుకున్నాడు. ఒక కూజా మీద ఈ మాట కూడా రాయించాడు: స్కౌరస్ కార్ఖానాలో, మేలిరకం చేప నుంచి తీసిన గారం. ఇల్లు కట్టుకున్నవాడు వాకిట్లోనే ప్రకటన వేసుకోవడం ఇవాళ్టి వింత కాదని తెలుస్తుంది. ఆ మేలిరకం చేప కనగుర్తల కులానిదే. మన తీరపు కనగుర్తకు శాస్త్రవేత్తలు పెట్టిన పేరులోనూ కనగుర్త అన్న తెలుగు మాటే ఉంది. 1803లో రస్సెల్ అనే డాక్టరు విశాఖపట్నం చేపల మీద రాసిన పుస్తకంలో ఆ మాట ఎక్కింది.

చెతారాలో ఎవరిని అడిగినా గారమే కొలతూరా అంటారు. ఆ మాట పూర్తిగా నిజం కాదు. గారంలో చేప పేగులు తీసేవారు కాదు. పేగుల్లోని రసాయనాలే మాంసాన్ని కరిగించేవి. ఎండలో బహిరంగంగా పెట్టేవారు, కంపు కొట్టేది కాబట్టి ఊరికి దూరంగా చేసేవారు. కొలతూరాలో పేగులుండవు, నీడలో మూతపెట్టి మాగిస్తారు. మధ్యయుగాల్లో కొండ మీది మఠంలోని సన్యాసులు ఉప్పుచేప పీపాల నెర్రెల్లోంచి కారిన నీటిని రుచి చూసి కనిపెట్టారని స్థానిక కథ. గారానికి కూతురు కాదు గానీ, మనవరాలి వరస కలుపుకోవచ్చు.

వండే పద్ధతి చాలా తేలిక. పాస్తా ఉడికించే నీళ్లలో ఉప్పు వేయకూడదు. ఇటలీలో మరెక్కడైనా ఈ మాటంటే తగువవుతుంది. గిన్నెలో ఆలివ్ నూనె, చితక్కొట్టిన వెల్లుల్లి, ఎండుమిరప తునక, కొత్తిమీర లాంటి ఆకు, రెండు మూడు చెంచాల ఊట. పొయ్యి మీద పెట్టరు. వేడి పాస్తా అందులో వేసి కలిపితే అయిపోయింది. క్రిస్మస్ ముందురోజు రాత్రి మాంసం ముట్టరు. ఆ రాత్రి చెతారాలో ప్రతి ఇంట్లో ఇదే వంట.

సలేర్నో దాటాక కొండలు వెనక్కి తగ్గి, చదును నేల వస్తుంది. అక్కడ పేస్తుం. క్రీ.పూ. 600 ప్రాంతంలో గ్రీకులు కట్టుకున్న పట్నం. మూడు పెద్ద గుళ్లు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. నెప్ట్యూన్ గుడి అని పేరున్నది క్రీ.పూ. 450 నాటికి అయింది. గ్రీసులోనే ఇంత నిండుగా మిగిలిన గుళ్లు కొన్నే. సాయంత్రం ఎండలో రాయి బెల్లం రంగుకు తిరుగుతుంది. 1968లో దగ్గర్లో ఒక సమాధి తెరిస్తే, రాతి మూత లోపలి వైపు ఒక కుర్రవాడు నీళ్లలోకి దూకుతున్న బొమ్మ కనిపించింది. చచ్చినవాడు మాత్రమే చూడడానికి వేసిన బొమ్మ. ఇప్పుడు అక్కడి మ్యూజియంలో అందరూ చూస్తున్నారు.

ఆ గుళ్లు మిగలడానికి కారణం భక్తి కాదు, దోమలు. నది మూసుకుపోయి నేల బురదయింది. మలేరియా వచ్చి జనం కొండెక్కారు. రాళ్లు పీక్కుపోయేవాళ్లు కూడా మిగల్లేదు. శతాబ్దాల పాటు ఆ బురదలో హాయిగా బతికిన పశువు ఒక్కటే, గేదె. 1787లో జర్మన్ కవి గోథే గుళ్లు చూడడానికి వచ్చినప్పుడు వాగులు దాటుతూ, ఎర్ర కళ్ల గేదెలను చూసి నీటిగుర్రాలతో పోల్చాడు. పాడిగేదెను మచ్చిక చేసింది మన ఉపఖండంలోనే. ఇటలీ గేదెలూ మన పాడిగేదెల వంశానివే. ఎప్పుడు, ఎవరి వెంట అక్కడికి వెళ్లాయన్నది పండితుల మధ్య ఇంకా తెగలేదు. 

ఇప్పుడు బురద ఎండగట్టారు, దోమలు పోయాయి, గేదెలు ఉన్నాయి. వాటి పాలతో చేసేదే అసలైన మొజరెల్లా. పాలు విరిచి, ఆ గడ్డను సన్నగా కోసి, మరిగే నీళ్లు పోసి కర్రతో సాగదీస్తారు. తీగపాకంలా సాగి మెరుపెక్కాక ఇద్దరు పనివాళ్లు ఎదురెదురుగా నిలబడతారు. ఒకరు ముద్ద పట్టుకుంటే, ఒకరు బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కి పుటుక్కున తుంచుతారు. మొజరెల్లా అన్న మాటే తుంచడం నుంచి వచ్చింది. తుంచిన ఉండ చన్నీళ్లలో పడుతుంది, తర్వాత ఉప్పునీళ్లలోకి.

కొట్లో అమ్మే ఆవిడ సంచి కట్టిస్తూ ఫ్రిజ్‌లో పెట్టొద్దని రెండుసార్లు చెబుతుంది. చల్లబడితే రబ్బరవుతుంది, రేపటికి సగం రుచి పోతుంది. కత్తి, ఫోర్కు ఇవ్వదు. కొన్నవాళ్లు రోడ్డు దాటి గుళ్లకు ఎదురుగా ఉన్న పిట్టగోడ మీద కూర్చుని, ఉండను చేత్తో పట్టుకుని కొరుకుతారు. పాలు మణికట్టు మీదుగా మోచేతి దాకా కారతాయి. కొట్టు వెనక దొడ్లో, సిమెంటు తొట్టి నీళ్లలో మెడ దాకా మునిగి, గేదెలు నెమరేస్తుంటాయి.